అక్క నొప్పికి మూడు కాగితాలు

రెండట. పదికి రెండు. ఆ అంకె చుట్టూ పొడుగు నర్సు పెన్నుతో సున్నా చుట్టింది, ఆ సున్నా ఎక్కడా వంకర పోలేదు, ఎంత నమ్మకంగా చుట్టిందో. మూడుంపావు నుంచి అతను అక్క మంచం పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. నాలుగింటికి నొప్పుల డాక్టరు వస్తాడు. వచ్చి మంచం కాళ్ల వైపు నిలబడతాడు, కాగితం చూస్తాడు, ఎలా ఉందమ్మా అని ఒక్కమాట అడుగుతాడు, అక్క మళ్లీ రెండే అంటుంది, ఆయన తలూపి, రేపు పొద్దున ఇంటికి వెళ్లొచ్చు, అవే మాత్రలు వేసుకోండి, పదిహేను రోజుల తర్వాత కనిపించండి అని పక్క మంచానికి జరిగిపోతాడు. అంకె నాలుగు దాటితే పెద్దమందు, దాటకపోతే పాత మాత్రలు, అంతే లెక్క. పదిహేను రోజులు. నడుం ఎముకలోకి క్యాన్సరు చేరిన మనిషికి పదిహేను రోజులంటే ఎన్నిసార్లు లేవాలి, ఎన్నిసార్లు పక్కకి ఒత్తిగిలాలి, ఎన్ని తుమ్ములు, ఎన్ని దగ్గులు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. కళ్లు మూసుకుంది కాని నిద్ర కాదు. నిద్రపోయే మనిషి భుజం అలా చెవిదాకా లేచి ఉండదు. కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, ఎవరికో చోటు ఇవ్వాలన్నట్టు మంచంలో సగమే వాడుకుంటోంది. ఎప్పుడూ అంతే ఈ మనిషి. బస్సులో కూర్చున్నా అర సీటే.

ఈ వార్డులో అతన్ని కాగితాలాయన అంటారు. నొప్పి అడగడం అతని ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా అదే పని, గత రెండేళ్లుగా మాత్రం పెద్ద డాక్టరమ్మ తలకెత్తుకున్న ఒక పరిశోధన కోసం: ఒకే నొప్పిని మూడు రకాల కాగితాల మీద అడిగి, ఏది నిజానికి దగ్గరగా వస్తుందో, ఏది జనానికి సులువో తేల్చాలి. అంకెల కాగితం మీద సున్నా నుంచి పది దాకా అంకెలు. బొమ్మల కాగితం మీద నవ్వు నుంచి ఏడుపు దాకా ఆరు గుండ్రటి ముఖాలు. గీత కాగితం మీద పది సెంటీమీటర్ల ఒక అడ్డగీత, ఈ కొసన నొప్పి లేనే లేదు, ఆ కొసన ఇంతకు మించి ఉండదు, మధ్యలో ఎక్కడో ఒకచోట మనిషి గీటు పెట్టాలి, ఆ గీటు దాకా స్కేలు పెట్టి కొలవడం అతని వంతు. ఇప్పటికి మూడు వందల పన్నెండు మంది. లారీ నడిపే ఒకాయన, పడుకున్నప్పుడా, లేచినప్పుడా, దగ్గినప్పుడా, ముందు అది తేల్చు బాబూ అన్నాడు, అతను తేల్చలేక ఒక్కోదానికి ఒక్కో కాగితం ఇచ్చాడు. లెక్కల టీచరు ఆరున్నర అంది, అరలు లేవు టీచర్ అంటే, నీ దగ్గర లేకపోతే నేనేం చెయ్యను, నా దగ్గర ఉంది అంది. ఒక ముసలాయన బొమ్మల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, వీళ్లలో ఒక్కడికీ జుట్టు లేదేమిటి, అందరికీ నా జబ్బేనా అన్నాడు, ఆ రోజు వార్డు వార్డంతా నవ్వింది, ఆయన తన నున్నటి తల నిమురుకుంటూ అందరికంటే ఎక్కువ నవ్వాడు, ఆ తర్వాత వారానికి ఆ మంచంలో ఇంకెవరో ఉన్నారు. రొట్టెల దుకాణం నడిపే ఆవిడైతే గీత మీద పెట్టలేదు, గీత దాటించి, అవతల తెల్లకాగితంలో బొటనవేలంత దూరాన పెట్టింది గీటు. దాన్ని ఎంతని కొలవాలో ఈనాటికీ పెద్ద డాక్టరమ్మకీ అతనికీ తెగలేదు.

అతను పనిలో చేరిన కొత్తలో ఈ అంకెలు నర్సులే వేసేవాళ్లు. గుమ్మంలోంచి తొంగిచూసి, పేపరు చదువుతున్నాడు కాబట్టి మూడు, తిండి ముట్టలేదు కాబట్టి ఆరు. ఒక అల్లుడు ఉండేవాడు, మామగారిని నోరు విప్పనిచ్చేవాడు కాదు, తొమ్మిదండీ తొమ్మిదండీ అని తనే చెప్పేవాడు, ఆయన మత్తులో పడి ఉంటే ఇతనికి కాస్త కునుకు దొరుకుతుందని. ఇదంతా చూసి కడుపు మండి, కాగితాలాయన మూడు మీటింగుల్లో లేచి నిలబడి ఒకటే పాట పాడాడు. నొప్పి ఎవరిదైతే మాట వాళ్లది. అడిగేవాళ్లు అంకె అందించకూడదు, బంధువులు నోరు పెట్టకూడదు, సొంత మనుషుల కాగితాలు సొంతవాళ్లు నింపకూడదు. గొంతు పోయేలా వాదించి ఒప్పించాడు. ఆ మాటలు ఇప్పుడు అట్టమీద అచ్చై, ఇదిగో ఈ గోడకే, అక్క ముఖానికి మూరెడు పైన వేలాడుతున్నాయి. అందుకే పొద్దున అక్క దగ్గరికి పొడుగు నర్సుని పంపాడు. తను వరండాలో నిలబడి గోళ్లు కొరుక్కున్నాడు. ఇప్పుడెళ్లి డాక్టరుగారూ, మా అక్క తక్కువ చెబుతోందండీ, మధ్యాహ్నం దిండు సర్దుతుంటే గలీబు మూల తడిగా తగిలింది, పళ్లతో నమిలి నమిలి దారాలు లేచిపోయాయి అని చెప్పాడే అనుకో. ఆయన మంచివాడే, వింటాడు, విని, మీరే కదండీ నాకు నేర్పింది అంటాడు. నవ్వుతూ అంటాడు.

మూడు కాగితాలూ మళ్లీ ఒకదాని పక్కన ఒకటి పరుచుకున్నాడు ఒళ్లో. అంకె, రెండు. బొమ్మ, రెండోది, అంటే లెక్కలో రెండు. గీత మీద గీటు, జేబులోంచి స్కేలు తీసి పెట్టాడు, రెండు సెంటీమీటర్లు, వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు. ఎంత ముచ్చటగా కలిశాయో. పెద్ద డాక్టరమ్మ చూస్తే ఈ మూడింటికీ పటం కట్టిస్తుంది. కాని మూడు వందల పన్నెండు మందిలో ఒక్కళ్లకైనా ఇలా కలిశాయా అంటే లేదు. నిజం నొప్పి కాగితం మారితే కాస్త జరుగుతుంది. అంకెల్లో ఐదన్నవాడు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ముఖం మీద వేలు పెడతాడు, గీత దగ్గర మళ్లీ సిగ్గుపడి వెనక్కి వస్తాడు. నొప్పి ఉన్న మనిషి చెయ్యి తడబడుతుంది. తడబడకుండా మూడుసార్లు ఒకే కొలత రావాలంటే అది నొప్పి చేసిన పని కాదు, కత్తెర చేసిన పని. ముప్పై ఎనిమిదేళ్లు బట్టలు కుట్టిన చెయ్యి అది. ఒక కాలరు ముక్క మీద రెండోది వేస్తే అంచు కనబడేది కాదు. పొద్దున కూడా ముందే నిశ్చయించుకుని ఉంటుంది, ఇంతే ఇద్దామని, ఇక మూడింటికీ అదే కొలత తెగ్గోసింది.

నాన్న దగ్గర ఇలాంటి కాగితాలు లేవు. ఎద్దు కాలు మడిచి నిలబడితే నాన్న దూరంగా చుట్ట వెలిగించుకుని చూస్తూ కూర్చునేవాడు. చెవులు చూసేవాడు, ముట్టె చూసేవాడు, అన్నిటికంటే ఎక్కువ ఈగల్ని చూసేవాడు. తోక ఆడించి ఈగల్ని తోలుకుంటోందా, పర్లేదు. మొహం మీద వాలినా తోలుకోవడం లేదా, అయితే దానికి లోపల పని ఎక్కువైంది, బయటి పని చూసుకునే తీరిక లేదు. నాన్న ఆ మాట ఎంత మామూలుగా అనేవాడో. అతను ఒంగి అక్కని చూశాడు. ఒక జుట్టు పాయ నుదుటి మీంచి జారి పెదవుల మధ్య చిక్కుకుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతోంది, వదిలినప్పుడల్లా బయటికి వస్తోంది. ఆమె తీసుకోవడం లేదు. తను తీయబోయాడు, చెయ్యి మధ్యలో ఆగింది. తాకితే ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే నడుం కదులుతుంది. గడియారం మూడూ ముప్పై ఐదు.

“ఒరేయ్,” అంది అక్క, గోడతోనే. “నీ గీత పొట్టిదిరా.”

“ఏ గీత?”

“పొద్దున ఆ పొడుగమ్మాయి తెచ్చిందే, అది. పది అంది. పది లేదది. నువ్వుగింజంత తక్కువ.”

నీరసంలో ఏదో అంటోందనుకున్నాడు. అయినా ఆ గొంతులో పాత ధీమా వినిపించి స్కేలు తీసి, ఈసారి గీటు దాకా కాదు, గీత మొత్తం కొలిచాడు. తొమ్మిదీ పాయింటు ఏడు. మళ్లీ కొలిచాడు. అంతే. కాపీ తీసిన కాగితానికే మళ్లీ కాపీ తీసి, దానికింకో కాపీ తీసి, ఆ మాయదారి మిషను ఒక్కోసారీ కాస్త కాస్త మింగేసింది. మూడు వందల పన్నెండు మంది గీట్లు వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచాడు, చివర సున్నాలు కూడా వదలకుండా రాశాడు, ఒక్కనాడూ గీతని కొలవలేదు. పెద్ద డాక్టరమ్మకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి. ఎప్పటినుంచి కుదించుకుపోయిందో పాత కట్టలన్నీ విప్పి చూడాలి, ఎంత లేదన్నా రెండు నెలల పని. ఇవన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి, తిరిగి, విచిత్రంగా నవ్వొచ్చింది. తొమ్మిదేడు అన్నాడు. నేను చెప్పలా అంది అక్క. టేపు సాగిందో లేదో చూసుకోకుండా ఊరందరికీ కొలతలు తీసిన దర్జీవి నువ్వు అంది. ఆమె భుజం నవ్వుతో కదిలింది. కదిలి, ఉన్నట్టుండి ఆగింది. ఊపిరి కూడా ఆగింది. దుప్పటి చివర కాలివేళ్లు విచ్చుకుని అలాగే బిగుసుకుపోయాయి. అతనికి ఆ గదిలో చప్పుళ్లన్నీ విడివిడిగా వినిపించాయి, ఎవరో చెంచా కడుగుతున్నారు, ఎవరి ఫోనో మోగుతోంది, చక్రాల బండి ఒకటి కిర్రుమంటూ పోతోంది, అది మలుపు తిరిగి చప్పుడు సన్నగిల్లేదాకా అక్క ఊపిరి తీసుకోలేదు. తీసుకున్నాక, ఎండ తగ్గిందా అని అడిగింది.

అతను అడగకూడదనుకున్నదే అడిగాడు. అడగకూడదని కాదు, అంకె అందించకూడదు కాని అర్థం అడగొచ్చు, అట్టమీద అలాగే రాసి ఉంది, తనే రాయించాడు. “నువ్వుగింజంత తేడా కనిపెట్టే కన్ను కదక్కా నీది. గీటు రెండు దగ్గర ఎందుకు పెట్టావు?”

జుట్టు పాయ లోపలికి పోయింది, బయటికి వచ్చింది.

“అంతా మొదటే కత్తిరించేస్తారేంట్రా ఎవరైనా,” అంది చివరికి. “లోపల కాస్త గుడ్డ వదులుకోవద్దూ? ఇప్పుడే నా దగ్గరున్నదంతా చెప్పేశాననుకో. రేపు ఇంకా పెరిగితే? మీ కాగితం పదితో అయిపోయింది. ఆ పెద్దమందు ఇప్పుడే తాగేస్తే, నిజంగా ఓర్చుకోలేని రోజుకి ఏం మిగులుతుంది నాకు?”

లోపల గుడ్డ. అమ్మ పోయేనాటికి అక్కకి పదిహేను, తనకి ఐదు. దర్జీ కొట్టులో గుండీలు కుట్టడంతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి కాలి మిషను మీద కూర్చుంది, కూర్చున్న తర్వాత మొట్టమొదట కుట్టింది తమ్ముడి బడి చొక్కాయే. నీలం చొక్కా. చేతుల చివర రెండు మడతలు, కింద అంచున మూడు మడతలు, పక్కల్లో ఇంకో వేలెడు, అంత గుడ్డ లోపలికి దాచి కుట్టేసరికి ఆ చొక్కా వేసుకుంటే పరుపు చుట్టుకున్నట్టుండేది, ఒంగితే పొట్టకి ఒత్తుకునేది. బళ్లు తెరిచే రోజుకి ముందు సాయంత్రం అక్క ఒక మడత విప్పేది. బ్లేడు మొనతో టక్ టక్ మని కుట్టు తెగుతుంటే ఏడాదంతా ఎండ తగలని నీలం, కొత్తనీలం, ఒక పట్టీలా బయటపడేది, మిగతా చొక్కా వెలిసిపోయి ఉండేది. మరుసటేడు ఇంకో పట్టీ. మూడోయేటికి చొక్కా అంచు మూడు రంగులు. పిల్లలు చారలెన్నిరా అని లెక్కపెట్టేవాళ్లు, అతను చొక్కాని లాగులోకి కుక్కుకునేవాడు, ఇంటికొచ్చి అక్క మీద అరిచేవాడు, అందరిలా నాకు సరిపోయేట్టు ఎందుకు కుట్టవు అని. నువ్వు పెరగడం ఆపు, సరిగ్గా కుడతాను అనేది అక్క. వీధిలో ఎవరి బట్ట కుట్టినా అంతే, పెళ్లికూతురి జాకెట్టైనా, లావెక్కుతున్న పోస్టుమాస్టరు ప్యాంటైనా, అడిగినా అడక్కపోయినా లోపల ఇంత వదిలేది. రేపు విప్పుకోవాల్సి వస్తే ఉండాలి కదండీ అనేది. అదే చేత్తో, అదే అలవాటుతో, పొద్దున తన నొప్పి అంచుని కూడా లోపలికి మడిచి మడిచి, పైకి రెండంటే రెండే కనబడేట్టు కుట్టేసింది. తొమ్మిదేళ్లుగా నొప్పులడిగే తమ్ముడికి అది తట్టనే లేదు. మూడు కాగితాల్లో ఏది నిజం చెబుతుందని పెద్ద డాక్టరమ్మ అడిగితే ఇప్పుడేం చెప్పాలి, మూడూ నిజమేనండీ, దాచిపెట్టి చెప్పిన నిజం అనాలా.

మూడూ యాభై. ఆ పెద్దమందు గురించి ఒక చిన్న పుస్తకం ఉంది, తనే వందలమందికి చదివి వినిపించాడు, గోడకి చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. మోతాదును అవసరాన్ని బట్టి వైద్యులు సవరించెదరు. ఎవరికర్థమవుతుంది ఆ ముక్క. లారీ ఆయనకి ఏమర్థమైందో, జుట్టు లేని ముసలాయనకి ఏమర్థమైందో. వాళ్లలో ఎంతమంది ఇలాగే లోపలికి మడుచుకుని ఇళ్లకి వెళ్లిపోయారో. మాట కోసం వెతికాడు.

“అక్కా, ఆ మందు గుడ్డముక్క కాదు. తాను. గుడ్డ తాను చూశావుగా, విప్పేకొద్దీ వస్తుందే, అలా. నొప్పి పెరిగితే చూసి చూసి మందూ పెంచుతారు. ఇప్పుడు తాగితే అప్పటికి అయిపోయేది కాదు.”

“ఎవరు చెప్పారు?”

“నేనే. తొమ్మిదేళ్లుగా చూస్తున్నా.”

“మరి పది దాటితే?”

“దాటిందని చెప్పు. కాగితం అవతల గీటు పెట్టినవాళ్లూ ఉన్నారు. చించి పారెయ్యలేదు. దాచి ఉంచాం.”

ఆమె ఆలోచిస్తోంది. అక్క ఆలోచిస్తే ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి మీద రాస్తూ ఉంటుంది, గుడ్డ నాణ్యం చూసినట్టు. ఇప్పుడూ రాస్తోంది.

“సరే నువ్వే చెప్పరా. ఎంత చెప్పమంటావు?”

నాలుక చివరిదాకా వచ్చింది. ఏడు. కనీసం ఏడు. ఏడంటే చాలు, డాక్టరు పెన్ను తీస్తాడు. ఒక్క అంకె, ఎవరు వింటారు, పక్క మంచం కండక్టరమ్మ తప్ప, ఆవిడ వింటే మాత్రం ఎవరితో చెబుతుంది. ఆ అల్లుడు గుర్తొచ్చాడు. అయ్యో, వాడు కూడా మామగారి మీద ప్రేమతోనే చెప్పాడేమో, తను ఇన్నేళ్లు వాణ్ణి తిట్టుకున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. అది నేను చెప్పకూడదక్కా అన్నాడు. అబ్బో అంది అక్క, నా కొలతలతో పెరిగినవాడివి, నాకో కొలత చెప్పలేవూ. కోపం లేదు ఆ మాటలో. కాస్త ముచ్చటగానే అంది.

డాక్టరు నాలుగింటికి రెండు నిమిషాల ముందే వచ్చేశాడు. మంచం కాళ్ల వైపు నిలబడ్డాడు, కాగితం అందుకున్నాడు, రెండు చూశాడు, ఎలా ఉందమ్మా, పదికి ఎంత వేసుకుంటారు ఇప్పుడు అన్నాడు. కాగితాలాయన కింద గచ్చు పలకల మధ్య గీతని చూస్తూ కూర్చున్నాడు, తన ముఖం ఏ జవాబూ చెప్పకుండా. దుప్పటి కదిలింది. ఇటు తిరగాలని చూస్తోంది. అతను లేవబోతే వద్దన్నట్టు మంచం ఊచ మీద వేలితో తట్టింది. ముందు భుజం, తర్వాత ఆగి, నడుం, మళ్లీ ఆగి, మోకాళ్లు. అంతసేపూ డాక్టరు వాచీ చూసుకోలేదు, ఆ మంచితనం కాగితాలాయన ఎప్పటికీ మరిచిపోడు. తిరిగింది. పెదవుల మధ్య చిక్కుకున్న జుట్టు పాయని తీసుకుంది.

“తొమ్మిది,” అంది. “పొద్దునా తొమ్మిదేనండీ. దాచుకున్నాను.”

డాక్టరు ఎందుకని అడగలేదు. ఆ గుండ్రటి సున్నాని ఒక్క గీతతో కొట్టేసి పక్కన తొమ్మిది వేశాడు, మందు రాశాడు, మొదటి మోతాదు ఇప్పుడే ఇచ్చెయ్యమని పొడుగు నర్సుతో చెప్పాడు, రేపు ఇంటికి వద్దు, రెండ్రోజులు చూద్దాం అన్నాడు, అక్క పాదం మీద చెయ్యి వేసి తీసి, జరిగిపోయాడు. ముప్పావుగంటసేపు ఈ తమ్ముడు ఒక పెద్ద అంకె కోసం తపస్సు చేశాడు. వచ్చింది. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తొమ్మిది. ఏడనుకున్నాడు, మరీ అయితే ఎనిమిదనుకున్నాడు. ఎప్పటినుంచి తొమ్మిది. పోయిన ఆదివారం తన ప్యాంటు అంచు ఊడిందని సూది దారం తీసుకుని కూర్చుందే, అప్పుడు ఎంత. ఆసుపత్రికి వస్తూ రెండంతస్తులు దిగింది, చెయ్యి పట్టుకోనివ్వలేదు, అప్పుడు ఎంత. వరండాలోంచి తను లోపలికి రాగానే తిన్నావా అని అడిగింది, అది కూడా తొమ్మిదిలోంచేనా అడిగింది. ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, ఆ రెండే నిజమై ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

అప్పుడు అక్క మూలిగింది. చిన్నగా మొదలై, ఛాతీలోంచి పొడుగ్గా వచ్చింది. ఆమె గొంతులోంచి అలాంటిది రాగలదని అతనికి ఇన్నేళ్లలో తెలియదు. కండక్టరమ్మ పుస్తకం దించి ఇటు చూసి, మర్యాదగా మళ్లీ పుస్తకం ఎత్తుకుంది. పొడుగు నర్సు చిన్న గ్లాసులో మందు తెచ్చి తాగించి, అరగంట పడుతుందమ్మా అని చెప్పి వెళ్లింది.

“ఎక్కువ చెప్పానా?” అని అడిగింది అక్క.

లేదన్నట్టు తలూపాడు. ఆమె అతని ముఖాన్ని కాసేపు పరకాయించి చూసింది, నమ్మింది, కళ్లు మూసుకుని మళ్లీ మూలిగింది, ఈసారి గట్టిగా, ఎవరేమనుకుంటారోనని చూసుకోకుండా. వినడానికి అది బాగాలేదు, ఎవరికీ బాగుండదు. అతను ఒళ్లోని కాగితాలు కింద పెట్టి, స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, మందు పనిచేసేదాకా ఆ మూలుగు మొత్తం విన్నాడు.